మలుపులో నాన్న మాట

'కాలు తియ్యి... కాలు తియ్యమ్మా!'

పక్క సీట్లోంచి నాన్న అరిచారు. కూతురు యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీసేసింది. అంతే! కారు తోక పట్టు తప్పింది.

అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగే ఘాట్‌రోడ్డు అది. అనంతగిరి కాఫీతోటలు దాటి కాసేపయింది. జూన్ నెల, ఆ ఏడాది తొలకరి. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. కొండను చుట్టుకుంటూ ఎడమకు తిరిగే మలుపు. వెనక సీట్లో అమ్మ, ఆమె భుజానికి తల ఆనించి నిద్రపోతున్న ఆరేళ్ల మనవడు.

కారు వెనకభాగం లోయవైపు జారింది. ముక్కు కొండవైపు తిరిగింది. ఆ కంగారులో అమ్మాయి బ్రేకు కూడా గట్టిగా తొక్కింది. దాంతో తోక మరింత విసురుగా తిరిగి, ముందుచక్రం కొండవారనున్న కాలువలో దిగబడి కారు ఆగింది. బంపరు విరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లాడు మాత్రం కళ్లు నులుముకుంటూ 'ఇల్లొచ్చేసిందా?' అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. రెండు నిమిషాల తర్వాత అదే మలుపులోంచి ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. ఆ రెండు నిమిషాల తేడానే ఆ కుటుంబాన్ని కాపాడింది.

అందరికంటే ఎక్కువ వణికిపోయింది స్టీరింగ్ పట్టుకున్న అమ్మాయి కాదు, పక్కన కూర్చున్న నాన్న. ఎందుకంటే ఆయన డ్రైవరు. విశాఖపట్నంలో ఓ ప్రభుత్వ ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు అంబాసిడర్ నడిపి రిటైరయ్యారు. ఇదే ఘాట్‌రోడ్డు మీద ఎందరో అధికార్లను ఎక్కించారు, దించారు. ఒక్క గీత పడలేదు. 'మలుపులో బండి జారిందా, కాలు తీసెయ్. అదే సర్దుకుంటుంది' అన్నది ఆయన కుర్రతనంలో గురువు దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం. దాన్నే కూతురికీ నేర్పారు. మరి ముప్ఫయ్యేళ్లు కాపాడిన మాట ఆ ఒక్కరోజు ఎందుకు ముంచింది?

లాగేదెవరు... నెట్టేదెవరు?

సంగతి గ్యారేజీలో తేలింది. బంపరు మార్పించడానికి వెళ్లినప్పుడు జరిగిందంతా చెబితే, మెకానిక్ కుర్రాడు నవ్వేశాడు. 'బాబాయ్, ఇది అంబాసిడర్ కాదు కదా!'

నిజమే. ఎడ్లబండిని ఎడ్లు ముందుండి లాగుతాయి. తోపుడుబండిని మనిషి వెనకనుంచి నెడతాడు. అంబాసిడర్ రెండోరకం. ఇంజిను ముందున్నా దాని బలం వెళ్లేది వెనక చక్రాలకే. ప్రీమియర్ పద్మినీ కూడా అంతే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800తో మన మధ్యతరగతి ఇళ్లలోకి ముందు చక్రాలు లాగే కారు అడుగుపెట్టింది. నేడు మనం చూసే చిన్నకార్లలో చాలామటుకు ఆ రకమే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కానీ ఆ కారు మీద నేర్చుకున్న అలవాట్లు మాత్రం ఇళ్లలో ఇంకా మిగిలే ఉన్నాయి... తాతల మాటల్లో, నాన్నల హెచ్చరికల్లో.

వెనక చక్రాలు నెట్టే కారులో మలుపు మధ్యన యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే ఆ చక్రాలు గిర్రున తిరిగి పట్టు వదిలేస్తాయి. తోక పక్కకు జారుతుంది. అప్పుడు నెమ్మదిగా కాలు సడలిస్తే నెట్టే బలం తగ్గి చక్రాలు మళ్లీ రోడ్డును పట్టుకుంటాయి. నాన్నగారి గురువు చెప్పింది ఇదే. అందులో తప్పు లేదు.

ముందు చక్రాలు లాగే కారు కథ వేరు. ఇందులో లాగడం, తిప్పడం రెండూ ముందు చక్రాల పనే. అందుకే మలుపులో వేగం ఎక్కువైతే మామూలుగా ముందు అలిసిపోయేది అవే. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిరగనంటూ మలుపు బయటివైపు పోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. తోక జారడాన్ని ఓవర్‌స్టీర్ అంటారు. ముందు చక్రాల కారు తోక దానంతటది జారడం అరుదు. కానీ మనం జారేలా చేయొచ్చు. ఎలాగంటే... మలుపు మధ్యలో హఠాత్తుగా కాలు తీసి!

ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లకు ఈ సూత్రం బాగా తెలుసు. డ్రైవరు బ్రేకు వేస్తే అందరూ ముందుకు తూలతారు. యాక్సిలరేటర్ వదిలినా కొంత అంతే. కారు బరువూ అలాగే ముందుకు ఒరుగుతుంది. ముందు చక్రాల మీద బరువు పెరిగి అవి రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. వెనక చక్రాలు తేలికపడి పట్టు సడలుతాయి. తిన్నటి రోడ్డు మీదయితే నష్టం లేదు. మలుపులో మాత్రం ముక్కు చురుగ్గా లోపలికి తిరుగుతుంది, తేలికైన తోక బయటికి విసురుకుపోతుంది. దిగుడు రోడ్డయితే బరువు అప్పటికే ముందుకు వాలి ఉంటుంది. పైగా తొలకరి... ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము చినుకులతో కలిసి జారుడుబల్ల తయారుచేస్తాయి. ఆ మలుపులో ఇవన్నీ ఒక్కచోట కలిశాయి.

చిత్రమేమిటంటే ర్యాలీ డ్రైవర్లు ఇదే పనిని కావాలని చేస్తారు. స్వీడన్‌కు చెందిన ఎరిక్ కార్ల్‌సన్ ముందు చక్రాలు లాగే సాబ్ 96తో 1962, 1963ల్లో మాంటెకార్లో ర్యాలీ గెలిచారు. కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంచి, ఎడమకాలితో బ్రేకును తాకుతూ తోకను కావలసినంత మేరే జార్చడం ఆ విద్యలో కిటుకు. దానికి ఏళ్ల సాధన కావాలి. జనం తిరగని రోడ్డు కావాలి. పక్కన నాన్న, వెనక పిల్లాడు ఉన్న కారులో చేసే పని కాదది.

ఇంకో తప్పు

మెకానిక్ కుర్రాడు వంగి వెనక టైర్లు చూశాడు. ముందువి కొత్తవి, వెనకవి అరిగిపోయినవి. 'వీటినెవరు ఇలా వేయించారు బాబాయ్?' అన్నాడు.

నాన్న మాట్లాడలేదు. వేయించింది ఆయనే. రెండు నెలల కిందట రెండు టైర్లు మార్చాల్సి వస్తే, కొత్తవి వెనక్కి వేద్దామని షాపులో కుర్రాడు అన్నాడు. 'లాగేవీ తిప్పేవీ ముందువే కదా, కొత్తవి ముందుకే వెయ్' అని ఈయనే పట్టుబట్టారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అసలు సంగతి వేరు. ముందు టైర్లు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు. వెనకవి జారినప్పుడు ముందస్తు కబురుండదు. తెలిసేసరికే కారు తిరిగిపోతుంది. అందుకే రెండే కొత్త టైర్లు కొంటే, లాగేది ఏ చక్రాలైనా సరే, వాటిని వెనక వేయమని టైర్ల కంపెనీలు చెబుతాయి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదన్నది మన నిబంధన. వానలో ఆ హద్దుదాకా ఆగడం కూడా సాహసమే. గాళ్లు నీళ్లను పక్కకు నెట్టలేకపోతే టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది.

మేకుకు వేలాడిన తాళాలు

ఇంట్లో మాత్రం తీర్పు అప్పటికే వచ్చేసింది. పరామర్శకు వచ్చిన బంధువులు 'ఆడపిల్లకి ఘాట్‌రోడ్డు మీద కారెందుకమ్మా?' అన్నారు. అమ్మాయి ఏమీ అనలేదు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, వాయిదాలు కడుతూ కొనుక్కున్న కారు. బాగై వచ్చాక ఇంటిముందు నిలబెట్టి తాళాలు గోడ మేకుకు తగిలించింది. మర్నాటి నుంచి బస్సెక్కి ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టింది. కొడుకును స్కూలు ఆటోలో పంపించింది. ఆ మేకు వైపు చూసినప్పుడల్లా నాన్నకు గొంతులో ఏదో అడ్డుపడినట్టుండేది.

వారం తర్వాత మళ్లీ ఎవరో అదే మాటన్నారు. ఈసారి ఆయన ఊరుకోలేదు. 'తప్పు పిల్లది కాదు. కాలు తియ్యమన్నది నేను. టైర్లు అలా వేయించింది నేను. అది నా మాట వింది, అంతే' అన్నారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఎవరి ముందూ తలవంచని మనిషి. అమ్మ వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లు వరండాలో మనవడి బొమ్మకారు పెట్టుకుని కూర్చున్నారు. ముందు ఏం చేయాలి? వేగం తగ్గించడమైనా, గేరు మార్చడమైనా మలుపు రాకముందే, తిన్నటి రోడ్డు మీదే అయిపోవాలి. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా, నిలకడగా ఉండాలి. అయినా జారితే? జారింది ముక్కా, తోకా అన్నది ముందు తేల్చుకోవాలి. ముక్కయితే కాలు నెమ్మదిగా సడలించి, స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పకుండా పట్టు దొరికేదాకా ఆగాలి. తోకయితే బ్రేకు తొక్కకూడదు, హ్యాండ్‌బ్రేకు జోలికి అసలు పోకూడదు. తోక ఎటు జారితే స్టీరింగ్ అటు తిప్పాలి. లోయను కాకుండా వెళ్లాల్సిన దారినే చూడాలి, చూపు ఎటు ఉంటే చేతులు అటే పోతాయి. అదే సమయంలో యాక్సిలరేటర్ కొద్దిగా... కొద్దిగానే తొక్కితే బరువు వెనక్కి మళ్లుతుంది. ముందు చక్రాలు కారును తిన్నగా లాక్కొస్తాయి. తోక దారికి రాగానే స్టీరింగ్ వెంటనే సరిచేయాలి. ఆలస్యమైతే రెండోవైపు విసురుతుంది, అది మొదటిదాని కంటే ప్రమాదం.

కొత్త కార్లు చాలావాటిలో ఈ పని చూసుకోవడానికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉంటోంది. తోక జారుతోందని పసిగట్టి, మలుపు బయటివైపున్న ముందు చక్రానికి దానంతటదే బ్రేకు వేసి కారును సర్దుతుంది. అమ్మాయి కారులో అది లేదు. ఉన్నా అరిగిన టైరుకు అది పట్టు తెచ్చిపెట్టలేదు.

అంతా విన్నాక అమ్మాయి ఒకే ప్రశ్న అడిగింది. 'మరి నువ్వు అన్నేళ్లు ఎలా నడిపావు నాన్నా?'

ఆయన చాలాసేపు ఆలోచించారు. మలుపు మలుపునూ గుర్తుచేసుకున్నారు. నిజానికి మలుపులో కాలు తీయాల్సిన అవసరం ఆయనకు ఎన్నిసార్లు వచ్చింది? దాదాపు లేదు. ఎందుకంటే ఏ మలుపైనా రాకముందే బండిని నెమ్మది చేసేవారు. ముప్ఫయ్యేళ్లు కాపాడింది ఆ అలవాటే. అదెంత సహజమైపోయిందంటే, అదో పాఠమని ఆయనకు ఎన్నడూ తోచలేదు. కూతురికి చెప్పింది గురువు మాట. చెప్పాల్సింది తన చేత.

మర్నాడే కొత్త టైర్లు వెనక్కి మారాయి. తాళాలు మేకు దిగాయి.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అరకు. తిరుగుదారిలో అదే ఘాటు, అదే మలుపు. కాస్త పొగమంచు. మలుపు ఇంకా దూరంగా ఉండగానే అమ్మాయి బ్రేకు మీద కాలు నొక్కి వేగం తగ్గించింది. రెండో గేరులోకి మార్చి, యాక్సిలరేటర్ మీద తేలిగ్గా కాలుంచి మలుపు తిప్పింది. కారు గీత గీసినట్టు తిరిగింది. పక్కన ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. కుడికాలు మాత్రం కిందున్న మ్యాటును మెత్తగా నొక్కిపట్టి ఉంది.

వెనకనుంచి మనవడు అడిగాడు. 'తాతా, ఈసారి అరవలేదేం?'

'ముందే తగ్గించిందిరా మీ అమ్మ. ఇంకేమని అరవను?'