తొందరపడిన గడియారం

పిల్లలూ! మీలో చాలామంది చదరంగం ఆడుతూ ఉంటారు. ఇంట్లో ఆడేటప్పుడు ఒకడు ఎత్తు వేయకుండా అరగంట కూర్చుంటే, రెండోవాడు లేచి వెళ్ళి అన్నం తిని రావచ్చును. పోటీలలో అలా కుదరదు. అక్కడ బల్లమీద రెండు ముఖాల గడియారం ఒకటి ఉంటుంది. మీరు ఎత్తు వేసి మీట నొక్కగానే మీ వైపు గడియారం ఆగి, ఎదుటివాడిది నడవసాగుతుంది. ఎవరి కాలం ముందు అయిపోతే సాధారణంగా వాళ్ళు ఓడినట్టే.

అలాంటి గడియారం కొనడంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. మీ బడికో, మీ ఇంటికో కొనవలసి వచ్చినప్పుడు పనికి వస్తుంది.

1996లో నేను లెక్కల మాస్టరుగా ఉన్న బడిలో చదరంగం పోటీ పెట్టాము. గడియారాలు కొనే పని నామీద పడింది. అప్పట్లో మాకు దొరికినవి కీ ఇచ్చి నడిపేవి. ఒక్కొక్క ముఖంమీద పన్నెండు అంకె పక్కన చిన్న ఎర్ర జెండా ఉండేది. పెద్ద ముల్లు దాన్ని మెల్లగా పైకెత్తి, గంట పూర్తి కాగానే వదిలేసేది. జెండా పడితే ఆట పోయినట్టు. కొట్టువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి బరువైన చెక్కపెట్టెలో ఉన్నది. రెండోది తేలికగా, నిగనిగలాడుతూ, సగం ధరకే వస్తున్నది. నేను సగం ధరవి నాలుగు కొన్నాను. మిగిలిన డబ్బుతో బహుమతి పుస్తకాలు కొని, నా తెలివికి నేనే సంతోషించాను కూడా.

పోటీలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు చక్కగా ఆడుతున్నాడు. ఎదుటివాడికంటే వాడికి ఒక ఏనుగు ఎక్కువ ఉన్నది. ఉన్నట్టుండి చెయ్యెత్తి, "మాస్టారూ! నా వైపు గడియారం తొందరగా నడుస్తున్నదండీ!" అన్నాడు.

"గడియారం సరిగానే నడుస్తున్నదోయ్! నువ్వే నెమ్మదిగా ఆలోచిస్తున్నావు," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాసేపటికి వాడి జెండా పడింది. ఓడిపోయావని నేనే చెప్పాను. వాడు ఎదుటివాడితో చెయ్యి కలిపి, పావులు పెట్టెలో సర్ది, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి, ఆ గడియారాన్ని నా చేతి గడియారంతో సరిచూశాను. ఎదుటివాడి వైపుది గంటసేపు సరిగ్గా నడిచింది. వాడి వైపుది గంటలో నాలుగు నిమిషాలు ముందుకు పోయింది! అంటే వాడికి గంట ఇస్తున్నామని చెప్పి, యాభైఆరు నిమిషాలే ఇచ్చాము.

మరునాడు ప్రార్థన దగ్గర అందరి ముందూ తప్పు నాదని ఒప్పుకుని, ఆట మళ్ళీ ఆడమన్నాను. "వద్దండీ," అన్నాడు వాడు. ఆ ఏడంతా చదరంగం బల్ల దగ్గరికి రాలేదు.

కాలం కొలిచే తగవు ఈనాటిది కాదు. 1861లో లండనులో ఆండర్సన్, కోలిష్ అనే ఆటగాళ్ళు ఇసుక గడియారాలు పెట్టుకుని ఆడారు. 1883లో అదే నగరంలో జరిగిన పెద్ద పోటీలో జంట గడియారాలు వచ్చాయి. ఒక కోలకు రెండు గడియారాలు బిగించి ఉండేవి. కోలను ఒకవైపుకు వంచితే ఒకటి ఆగి రెండోది నడిచేది. ఇప్పటి గడియారాలమీద ఊగే మీటకు అదే తాతగారు.

ఇప్పుడు పోటీకని కొంటే అంకెలు చూపే బ్యాటరీ గడియారమే కొనాలి. మన కోనేరు హంపి 2019లోను, 2024లోను గెలిచిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, పైగా ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు కలుస్తాయి. అలా కలపడం కీ గడియారానికి చేతకాదు.

ఇక మన్నిక సంగతి. చిన్న లెక్క వేయండి. ఆటకు 40 ఎత్తులనుకుంటే, ఇద్దరూ కలిసి మీటను 80 సార్లు నొక్కుతారు. రోజుకు అయిదు ఆటలైతే 400. బడి 200 రోజులు జరిగితే 80,000! అందుచేత కొట్టులో ముందుగా చూడవలసింది రంగు కాదు, మీట. వేలితో కదిపి చూడండి. వదులుగా పక్కలకు ఆడితే వద్దు. అడుగు బరువుగా ఉండి, బల్లమీద జారకూడదు. బ్యాటరీ మూత గట్టిగా పట్టాలి. మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేదైతే ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. వేసవి సెలవులకు ముందు వాటిని తీసి పెట్టండి. లోపలే ఉంటే కారి, తీగలను తినేస్తాయి. మీటను గుద్దకండి. అంతర్జాతీయ సంఘమైన ఫిడే నియమాలు కూడా దాన్ని ఒప్పవు. ఏ చేత్తో పావు జరిపారో ఆ చేత్తోనే నొక్కాలి.

2017లో, నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉండగా, ఆనాటి కుర్రవాడు తన కూతురిని ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చాడు. నా బల్లమీద కొత్తగా తెప్పించిన చదరంగం గడియారం ఉన్నది. దాన్ని చూసి నవ్వాడు. తన చేతి గడియారం విప్పి దాని పక్కన పెట్టి, "ఒక గంట ఆగుదామా, మాస్టారూ?" అన్నాడు.

రెండు గంటలు ఆగాము. రెండు వైపులా చూడాలి కదా!