మా పండుగొప్ప ప్రయాణ సన్నాహము

కోరాపుట్‌లో కాపురముండు మన తెలుగు కుటుంబములకు చలిని గూర్చి వేరుగా చెప్ప నక్కఱలేదు. సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్న ఈ పట్టణమున మార్గశిరము ప్రవేశించినది మొదలు ప్రొద్దెక్కువరకు మంచు విడువదు. రాత్రులందు వేడిమి పది డిగ్రీలకు దిగువకు జారుట సామాన్యము. కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టినగాని నూనె కరగదు. మేము పుట్టి పెరిగినది రాయగడలో. అది నాగావళి యొడ్డున పల్లమున నున్న ఊరు. అచ్చటి చలి వచ్చిపోవు చుట్టము వంటిది. ఉద్యోగము మమ్ము కొండమీదికి తెచ్చినది. నలుబది యేండ్లు గడచినను ఈ చలి మాకు అలవాటు కాలేదు.

చలికాలమున దిగువకు పోవుట మన యిండ్లలో పాత మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమై కోరాపుట్ జిల్లా ఏర్పడుటకు పూర్వము, జయపురము జమీందారీతో కూడిన ఈ కొండలన్నియు విశాఖపట్టణము జిల్లాలోనివే. ఆ కాలమున మా తాతగారు లెక్కలు వ్రాయు పనికై సాలూరు ఘాటు నెక్కి వచ్చిరి. యేటేట సంక్రాంతికి ముందు ఎడ్లబండి కట్టించుకొని ఆయన విజయనగరమునకు దిగి, మాఘము వచ్చువరకు అచ్చట ఎండ కాగి, మరల కొండ నెక్కెడివారట. దానికి ఆయన పెట్టిన పేరు "ఎముకలు ఎండబెట్టుకొనుట". నేడు మనకు రైలున్నది, బస్సున్నది. ఎముకలు ఎండబెట్టుకొను తీరిక మాత్రమే లేకపోయినది.

మాకు గాలము వేయుట నేర్పినవారు మా అన్నగారు. ఆయన మాకంటె పదియేండ్లు పెద్ద. మా తొమ్మిదవ యేట తండ్రిగారు గతించిరి. అన్నగారు చదువు మాని పనిలో చేరి మమ్ము చదివించిరి. ఆదివారము సాయంకాలము నాగావళిలో బండమీద కూర్చుండి వెదురుకర్రకు దారము కట్టి, నెమలి యీక కాడను బెండుగా వేసి, వానపామును ఎరగా గ్రుచ్చి జెల్లలను పట్టెడివారము. ఆ దినములలో మా యింట అదియే విందు, అదియే వినోదము.

1976లో మేము మెట్రిక్యులేషను గట్టెక్కినప్పుడు, ఒక పెండ్లికి పోయిన సందర్భమున, అన్నగారు మమ్ము కళింగపట్టణమునకు తీసికొనిపోయిరి. వంశధార సముద్రములో కలియు చోట ఒక ముసలి జాలరి మాకు గాలపు దారము అరువిచ్చెను. పోటు ఎక్కుచుండగా అన్నగారి దారము ఒక్కసారిగా బిగిసినది. నీరు చీల్చుకొని వెండిపళ్లెము వంటి చేప మనిషి మొలయెత్తు లేచి, తల విదిలించి, పడినది. దారము వదులైపోయినది. "పండుగొప్ప బాబూ! పేద్దది!" అని జాలరి నొచ్చుకొనెను. అన్నగారు కొస చూచుకొని, "నా ముడి జారింది" అనిరి. తిరుగుదారిలో, "నీకు ఉద్యోగం రానీరా తమ్ముడూ, మంచి రీలు కొందాం, మళ్ళీ వద్దాం" అనిరి.

ఉద్యోగము వచ్చినది. రీలు కొనలేదు. గుమాస్తాకు చలికాలమనగా అంచనాల కాలము. ఫాల్గుణము వచ్చునప్పటికి సంవత్సరాంతపు లెక్కలు నెత్తిమీద కూర్చుండును. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లాను కోరాపుట్, రాయగడ, నవరంగపురము, మల్కనగిరి అని నాలుగు చేసినప్పుడు, ఆ చలికాలమంతయు కాగితములు పంచుటలోనే తెల్లవారినది. ఒకటి రెండుసార్లు మా సెలవు దరఖాస్తు తిరిగివచ్చిన మాట నిజమే. కాని నిజమంతయు చెప్పవలెనన్న, తక్కిన యేండ్లలో మేము దరఖాస్తు పెట్టనే లేదు. "వచ్చే యేడు చూతము" అని మేమే మాకు సెలవు నిరాకరించుకొంటిమి. అన్నగారు ఒక్కనాడైనను గుర్తుచేయలేదు.

రెండేండ్ల క్రిందట వదినగారు పరమపదించిరి. ఒంటరియైన అన్నగారిని రాయగడనుండి మా యింటికి తెచ్చుకొంటిమి. డెబ్బదియైదేండ్ల వయసులో కొండచలి ఆయన ఊపిరితిత్తులను పట్టినది. మఫ్లరు చుట్టుకొని, కుంపటి ముందు కూర్చుండి, రాత్రి రెండు గంటలకు ఆయన శ్వాసకై పెనుగులాడుచుండ, ఆ చప్పుడు ప్రక్కగదిలో మేము వినుచుందుము. చలి ముదిరిన మూడు నాలుగు వారములలో కొన్నిదినములైనను ఆయనను వెచ్చని చోట నుంచుడని వైద్యులు చెప్పిరి. ఆ మాట విన్న రాత్రియే మాకు వంశధార మొగ జ్ఞప్తికి వచ్చినది.

అదే సమయమున అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున నున్న మా మేనల్లుడు ఫోటో పంపెను. అచ్చట చెరువులు గడ్డకట్టు దినములలో ఆ ప్రాంతపువారు దక్షిణమున ఫ్లోరిడాకు దిగి, అచ్చటి సరస్సులలో బాస్ అను చేపను గాలముతో పట్టుదురట. ఫ్లోరిడాలో చలికాలము చివర ఆ చేప గ్రుడ్లు పెట్టుటకై లోతులేని నీటికి వచ్చును. మగచేప గూటికి కావలి కాయును. పట్టినదానిని తూకము చూచి, ఫోటో తీసికొని, మరల నీటిలో విడుచువారే పెక్కుమంది. "మామయ్యా, మనకి బాస్ లేదు కదా?" అని అతడు అడిగెను. ఆ బాస్ మనకు లేదు. కాని ఇంగ్లీషువారు ఆసియా సీబాస్ అనునది మన పండుగొప్పనే. ఆస్ట్రేలియాలో బారమండి అని మురిసిపోవునదియు ఇదియే. ఒడియా సోదరులు భేక్టి అందురు. బజారులో ఐసుపెట్టెలో చూచి మా మనుమడును భేక్టి అనియే అనును. పండుగొప్ప అనిన మాట వాడు ఈ సన్నాహములోనే మొదట వినెను.

ఈ చేప చరిత్రము వినదగినది. ఉప్పునీటిలోను మంచినీటిలోను బ్రతుకగలదు. గ్రుడ్లు పెట్టుటకు మాత్రము ఉప్పునీటికి పోవలెను. మొదట మగదిగా కొన్నియేండ్లు జీవించి, పెద్దదైన పిమ్మట ఆడదిగా మారును. కనుక మిక్కిలి పెద్ద పండుగొప్ప సాధారణముగా తల్లియే. మడచెట్ల వేళ్లు, బండలు, వంతెన కంబములు మొదలగు వాని చాటున పొంచి, పోటుతో వచ్చు రొయ్యలను, చిన్నచేపలను మ్రింగును. వెచ్చని నీరన్న దానికి ప్రీతి. నీరు చల్లబడిన మందగించి ఎరను ముట్టదు. చలికి ముడుచుకొను గుణమున అన్నగారికిని దానికిని పోలిక కలదని ఇంట నవ్వుకొంటిమి.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోవును? తొమ్మిది గడుల కాగితము గీచి ప్రణాళిక వ్రాసితిమి. మొదటి ప్రణాళిక చిలికా సరస్సు. వేయి చదరపు కిలోమీటర్లకు అటునిటుగా వ్యాపించిన ఆ సరస్సు 1981లో అంతర్జాతీయముగా రామ్సర్ జాబితా కెక్కినది. 2000 సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త మొగ తవ్విన పిమ్మట ఉప్పునీరు చేరి మత్స్యసంపద మరల పెరిగినది. శీతకాలమున దూరదేశపు పక్షులు వ్రాలును. రాత్రి రైలు, తెల్లవారకముందే బ్రహ్మపురము, అచ్చటినుండి బస్సులో రంభ, అచ్చట పడవ. మూడు దినములు, రెండు రాత్రులు. కాగితము చూచి మేమే మెచ్చుకొంటిమి.

మా ఇంటివారు కాగితము చదివి ఒక్కమాట అడిగిరి: "ఏమండీ, తెల్లారగట్ల చలిలో బావగారిని స్టేషన్లో దింపుతారా? పడవలో ఆయాసం వస్తే ఎవర్ని పిలుస్తారు?"

మాకు సమాధానము లేకపోయినది. ఆ కాగితములో రైళ్లున్నవి, పడవయున్నది, ఎరఖర్చున్నది, అన్నగారు లేరు. ఆయన పేరు మీద మా కోరికనే గళ్లలో నింపితిమి. నలుబది యేండ్లు ఆయన మాట వాయిదా వేసినవారము, ఇప్పుడు ఆయన ఊపిరిని లెక్కింపక బయలుదేరదీయ నుంటిమి. కాగితము చింపి, ఆయన ఎదుట కూర్చుండి క్రొత్తది వ్రాసితిమి.

రెండవ ప్రణాళిక భీమునిపట్టణము. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చు గోస్తనీనది అచ్చట సముద్రములో కలియును. పూర్వము డచ్చివారు వర్తకము చేసిన రేవు. వారి సమాధులు నేటికిని ఉన్నవి. సముద్రపు గాలివలన అచ్చటి చలి మెత్తన. విశాఖ తీరమున జనవరి మధ్యాహ్నములు 28 డిగ్రీల చుట్టుపట్ల నుండును. ఆసుపత్రి దగ్గర. గది నేల యంతస్తున తీసికొంటిమి.

ప్రయాణము తొందర లేనిది. కోరాపుట్‌నుండి రాయగడకు 1990 దశకమున పూర్తియైన రైలుమార్గమున సొరంగములు, ఎత్తైన వంతెనలు దాటుచు పగటిపూట దిగుదుము. రాయగడలో చెల్లెలి యింట ఒక రాత్రి విశ్రాంతి, మజ్జిగౌరమ్మ దర్శనము, ఓపిక యున్న నాగావళిలో మా పాత బండ. మఱునాడు ఎండ వచ్చిన పిమ్మట, 1931లో రాయపూరు వరకు పూర్తియైన పాతమార్గమున విజయనగరము. అచ్చటినుండి కారులో గంట ప్రయాణము.

ఇక దినములు. మా యింట కార్తికము చేపకు సెలవు. ఆ మాసపు చివరి ఐదు దినములను ఒడియావారు పంచుక అందురు. అప్పుడు కొంగ సహితము చేపను ముట్టదని వారి మాట. మార్గశిర గురువారములలో లక్ష్మీపూజ చేయుట మా యింటివారు పొరుగువారి వలన నేర్చిరి. సంక్రాంతి యింటనే జరుగవలెను. కనుక పుష్య బహుళ అమావాస్య, అనగా చొల్లంగి అమావాస్య, మాకు తగినది. పంచాంగమే పోటుపాటుల పట్టిక అని జాలరు లెరుగుదురు. అమావాస్య పౌర్ణములకు పోటు పెద్దది, అష్టములకు మందము. ఈనాటి పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పోటు మిక్కిలి బలియునది అమావాస్య దాటిన ఒకటి రెండు దినములకు. అమావాస్యనాడు సముద్రస్నానము; విదియ, తదియలకు గాలము; రథసప్తమి సూర్యుని తీరమున సేవించి మరునాడు తిరుగుప్రయాణము. ఆచారమును చేపయు ఒక్కమాటమీద నిలిచినందులకు సంతోషించితిమి.

గాలము వేళలును ఆయన కొఱకే. పోటు తెల్లవారుజామున వచ్చిన ఆ పోటు మాది కాదు. ఎండ కాసిన పిమ్మట, గాలి లేనిచోట, మడత కుర్చీలో ఆయన కూర్చుందురు. ఎరకు బ్రతికిన రొయ్యలు అచ్చటి జాలరులను అడిగి కొందుము. వారు వల వేయు చోటికి అడ్డుపోము. మందులసంచి మనుమని భుజమున నుండును.

రీలు కొనుటకు పోయినప్పుడు అంగడివాడు మాకొక క్రొత్త సంగతి చెప్పెను. పండుగొప్ప మొప్పల అంచు కత్తివలె పదునట. తల విదిలించినప్పుడు సన్నదారము తెగిపోవునట. అందుచే గాలమునకు పైన మూరెడు మందపు నైలాను తీగ కట్టవలెనట. ఆ రాత్రి ఇంటికి వచ్చి అన్నగారి నడిగితిమి: "అన్నయ్యా, ఆనాడు కళింగపట్నంలో దారం కొస ఎలా ఉంది? ముడి మెలికలు కనిపించాయా?"

ఆయన కొంతసేపు కుంపటివైపు చూచిరి. "లేదురా. కత్తిరించినట్టు నున్నగా ఉంది."

"అయితే మీ ముడి జారలేదు. చేప తెంపుకుపోయింది."

ఆయన ఏమియు అనలేదు. ఇన్నియేండ్లు ఆ చేపను పోగొట్టినది తన చేయియే యని ఆయన మనసులో నుంచుకొనిరని మాకు అప్పుడు తెలిసినది. కొంతసేపటికి మందపు తీగ అడిగి తీసికొని, వణకు వ్రేళ్లతో గాలము కట్టిరి. మొదటిది బిగియలేదు. రెండవది బిగించి, పంటితో కొరికి, మా చేతికిచ్చి "లాగు" అనిరి. మా బలము కొలది లాగితిమి. జారలేదు.

అప్పటినుండి రాత్రి భోజనమైన పిమ్మట ఆయన మనుమనికి ముడి నేర్పుచున్నారు. వాడు ఇప్పుడు పండుగొప్ప అని తడబడక అనుచున్నాడు. నిన్న వాడు, "పెద్దతాతా, పేద్దది పడితే ఏం చేద్దాం?" అని అడిగెను. "పెద్దదైతే తల్లిరా. దాని ముఖం ఒకసారి చూసి వదిలేద్దాం. చిన్నదైతే మీ నాయనమ్మకి కూర" అనిరి. ఆ రాత్రియు ఆయాసము వచ్చినది. కాని ఆయాసము తగ్గిన పిమ్మట, ఇంకెన్ని దినములున్నవని అడిగిరి. కొండచలిలో ఆయన నోట రాబోవు దినమును గూర్చిన ప్రశ్న మేము వినుట వదినగారు పోయిన పిమ్మట అదియే ప్రథమము.

టిక్కెట్లు తీసికొంటిమి. పండుగొప్ప పడునో పడదో నీటికే తెలియును. వైద్యులు చివరిదినమున వద్దన్న మానుకొందుమని ఇంటివారికి మాట యిచ్చితిమి. ఆ మాటయు కాగితమున మొదటి గడిలో వ్రాసియున్నది. ఈ సంచికను చదువు సోదర సోదరీమణులలో ఉద్యోగమున నున్నవారు పెక్కురు కలరు. వారికి మా మనవి యొక్కటే: మీ యింట నెవరైనను "మళ్ళీ వద్దాం" అని యుండిన, ఆ మాట ఎన్నడు అనిరో ఒకసారి లెక్క చూచుకొనుడు. సెలవు దరఖాస్తు ఈ యేడే పెట్టుడు.