నడిమి పెట్టెలో బాపు గొంతు

కరీంనగర్‌లో ఓ మధ్యతరగతి ఇల్లు. ఆదివారం పొద్దున. హాల్లో టీవీ కింద దుమ్ముపట్టిన హోం థియేటర్. దానికి అయిదు స్పీకర్లు, మూలన ఓ సబ్‌వూఫర్. ఇంటిపెద్ద దుబాయ్ నుంచి చివరిసారి వచ్చినప్పుడు మోసుకొచ్చిన పెట్టె అది. ఆయన పోయి మూడేళ్లు. అప్పట్నుంచీ దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

ఆ రోజు కొడుకు దాన్ని తుడవడానికి ఓ కారణముంది. బీరువా అడుగున ఒక క్యాసెట్ దొరికింది. ఫోన్ చేయాలంటే జేబు ఖాళీ అయ్యే రోజుల్లో, గల్ఫ్ వెళ్లినవాళ్లు తమ మాటల్ని క్యాసెట్లో రికార్డు చేసి ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంకొకరితో చదివించుకోవాల్సిన పనిలేని ఉత్తరాలవి. ఆ క్యాసెట్‌ను కొడుకు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. తల్లికి చెవులు కాస్త మందగించాయి. అందుకే పెద్ద స్పీకర్లలో వినిపిద్దామనుకున్నాడు.

హెడ్‌ఫోన్ పిన్ను నుంచి వైరు లాగి హోం థియేటర్‌కు కలిపాడు. ముందు ఓ సినిమా పాట పెట్టాడు. మోగింది. తర్వాత తండ్రి క్యాసెట్. సన్నటి హోరు తప్ప మాట లేదు.

‘‘ఏందిరా, బాపు మాట్లాడ్తలేడా?’’ అంది తల్లి.

సౌండ్ పెంచాడు. హోరే పెరిగింది. ల్యాప్‌టాప్ సెట్టింగులన్నీ వెదికాడు. 5.1 అన్నమాటే లేదు, ‘స్టీరియో’ ఒక్కటే కనిపించింది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాడు. ఫలితం లేదు.

‘‘ఖరాబైనట్టుంది. పాతసామానోనికి ఇచ్చెయ్యిరా’’ అంటూ ఆమె లేవబోయింది.

నిజానికి ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు. ఆ సన్నటి పిన్నులోంచి వెళ్లేవి రెండే దారులు... ఎడమ, కుడి. సినిమాల్లోని అసలైన 5.1 ధ్వని కావాలంటే హెచ్‌డీఎంఐ లాంటి వైరుండాలి. హెచ్‌డీఎంఐ అయితే, అవతలి పరికరం తనకు ఆ శక్తి ఉందని చెబితేనే కంప్యూటర్లో 5.1 ఎంపిక కనిపిస్తుంది. సినిమా ఫైల్లో కూడా ఆ ధ్వని ఉండాలి.

మరి రెండు దారుల్లో వచ్చిన శబ్దం అయిదు స్పీకర్లకు ఎలా చేరుతుంది? ఆ పని హోం థియేటర్‌లోని ప్రో లాజిక్ చేస్తుంది. రెండువైపులా ఒకేలా ఉన్న శబ్దాన్ని నడిమి స్పీకర్‌కు పంపుతుంది. సినిమా హాల్లో తెర వెనక నుంచి మాటలు వచ్చేది ఇలాంటి నడిమి స్పీకర్‌లోంచే. క్యాసెట్ రికార్డు చేసింది ఒక్క మైకుతో. కాబట్టి తండ్రి గొంతు రెండువైపులా ఒక్కటే. అదంతా మధ్యకే పోతుంది. టేపు హోరు మాత్రం ఎడమవైపు వేరు, కుడివైపు వేరు. అందుకే అది పక్కల మిగిలిపోయింది.

కొడుక్కి పాట దగ్గరే అనుమానం వచ్చింది. మళ్లీ పెట్టి విన్నాడు. వాద్యాలు గట్టిగానే ఉన్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. రిమోట్‌లో ‘టెస్ట్ టోన్’ నొక్కాడు. ఎడమ స్పీకర్ బుస్సుమంది. నడిమిది మూగబోయింది. కుడిది పలికింది. వెనకవి రెండూ పలికాయి.

పెట్టెను ముందుకు లాగి చూస్తే ఏముంది? నడిమి స్పీకర్ వైరును ఎలుక కొరికేసింది. స్విచ్ ఆపేసి, తెగినచోట కత్తిరించి, పొర ఒలిచి, ఎరుపు కొసను ఎర్రదాంట్లో, నలుపు కొసను నల్లదాంట్లో బిగించాడు. పది రూపాయల ఖర్చయినా లేదు.

మళ్లీ క్యాసెట్ పెట్టాడు. ముందు హోరు. ఆ తర్వాత ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు.

‘‘మంచిగున్నరా? పిలగాడు బడికి పోతుండా?’’

తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బడికి పోయిన ఆ పిలగాడు చేతిలో వైరుముక్కతో నేలమీద కూర్చునే ఉన్నాడు.

‘‘పోయిన నెల పైసలు ముట్టినయా?’’ అడిగాడాయన.

‘‘ముట్టినయి’’ అందామె, కొంగు కళ్లకు అద్దుకుంటూ.