తగుపాటి బిగువు

ఆవకాయ జాడీకి వాసెన కట్టునప్పుడును, ఆడపిల్లకు జడ యల్లునప్పుడును ఎంత బిగింపవలయునో మన చేతులకే తెలియును. వదులైనచో గాలి చొరబడును. మితిమీఱినచో త్రాడు తెగును, పిల్ల తల నొచ్చును. కారు చక్రముపై నుండు నొక చిన్న నట్టు విషయమునను న్యాయ మిదియేయని మేము కష్టపడి నేర్చుకొంటిమి. ఆ కష్టము సోదరీమణులకు తప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కారు పాతది. గుంటూరునుండి పల్నాటిలోని మా యత్తవారి గ్రామమునకు పోవునప్పుడు, కారు గోతిలో దిగినప్పుడెల్ల మా యత్తగారు నడుము పట్టుకొని మూలుగుచుండిరి. ముందరి షాక్ అబ్జార్బర్లు అరిగినవని తెలిసెను. కారు చేసినవారి సరకు ప్రియమగుటచే బయటి తయారీ జత నొకదానిని కొని, యొక పనివానికి అప్పగించితిమి.

అతడు గాలితో నడచు గన్నును నట్టుపై నుంచి జఱ్ఱున త్రిప్పుచుండెను. పెట్టెలో మడచియున్న కాగితమున నట్టి గన్ను బొమ్మ మీద కొట్టివేతగీత యుండుట చూచి, "బాబూ, ఇది వాడకూడదని ఉన్నదే!" యంటిమి. "ఇవన్నీ మాకు మామూలేనమ్మా. మీరు నీడలో కూర్చోండి" అనెను. మేము పోయి నీడలో కూర్చుంటిమి. ఆ కూర్చుండుటయే మా తప్పు.

మూడు వారములు గడవకమున్నే ముందర టక్కుటక్కుమను చప్పుడు మొదలయ్యెను. ఒకనాటి రాత్రి ఊరినుండి తిరిగివచ్చుచుండగా, వంతెన మలుపున గోతిలో దిగిన కారు పడవవలె ఊగుచు ప్రక్కకు జరిగెను. మావారు ఎట్లో నిలిపిరి. అత్తగారి నుదురు అద్దమునకు తగిలి బొప్పి కట్టెను. ఆమె యొడిలో మా చిన్నది నిద్రించుచుండెను. ఆ రాత్రి మాకు కన్ను మూతపడలేదు.

మఱునాడు వేఱొక షెడ్డునకు పోతిమి. అక్కడి వృద్ధుడగు మేస్త్రి అంతయు విప్పి చూపెను. షాక్ అబ్జార్బరనగా నూనెగొట్టములో మీదికి క్రిందికి ఆడు నున్నని యుక్కు కడ్డీ. గొట్టపు మూతియొద్ద, కుక్కరు మూతకు వలె, రబ్బరు సీలుండును. కడ్డీ కొసను పైనున్న పీఠమునకు నట్టుతో బిగింతురు. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అను అమెరికా ఇంజనీరు రూపొందించిన యీ యమరిక 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కాన్సల్ కారుతో ప్రసిద్ధికెక్కినది. నేటి చిన్న కార్లలో పెక్కింటికి ముందువైపున నిదియే యున్నది.

ఈ కడ్డీ తన చుట్టు తాను తిరుగగలదు. గన్నుతో నట్టును త్రిప్పిన, కవ్వమువలె కడ్డీయు దానితో తిరుగును. మా యెడమవైపు నట్టు అట్లే బిగిసినట్లు తోచి వదులుగనే యుండెను, చప్పుడు దానిది. కుడివైపున కడ్డీ తిరుగకుండుటకై దాని నునుపైన భాగమును పనివాడు పట్టకారుతో పట్టినాడు. ఆ గాట్లు సీలును కోయగా నూనె కాఱిపోయెను. నూనె లేని గొట్టము స్ప్రింగు ఊగును ఆపజాలదు.

మరల నొక క్రొత్త జత కొంటిమి. మేస్త్రి మొదట స్ప్రింగును నొక్కి బంధించెను. "స్ప్రింగు కట్టకుండా ఈ నట్టు విప్పితే ప్రాణం మీదికి వస్తుందమ్మా" అనెను. కడ్డీ తలలోని ఆఱు పలకల గుంటలో ఎలెన్ కీ నుంచి, అది కదలకుండ పట్టి, క్రొత్త నట్టును పానాతో త్రిప్పెను. నైలాన్ వలయము గల నట్టు ఒకమారు విప్పిన పట్టు సడలును గావున పాతదానిని వాడరాదట. తుదకు నడుమ తొలిచిన సాకెట్టుతో, టార్క్ పానాతో సరిచూచెను. మా కాగితమున 50 న్యూటన్ మీటర్లని యుండెను. అర మీటరు పానా కొసన 10 కిలోల బరువు వ్రేలాడినంత బల మన్నమాట. కారుకారుకు ఈ లెక్క మాఱును. తక్కువైన చప్పుడు, ఎక్కువైన మర సాగి యొకనాడు తెగును. పానా టక్కుమని పలుకగానే చేయి తీసెను. రెండవ నట్టును మాచేతనే బిగింపించెను.

విప్పవలసివచ్చిన క్రింది రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రము, కారు నేలకు దిగి చక్రములపై బరువు పడిన పిదపనే బిగించెను. గాలిలో నుండగా బిగించిన రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. పిమ్మట చక్రముల అలైన్‌మెంటును సరిచేయించితిమి.

మొన్న సంక్రాంతికి ఊరికి పోవునప్పుడు అత్తగారు నరసరావుపేట దాటువఱకు నిద్రపోయిరి. మేము మాత్రము మేలుకొని చప్పుడు కొఱకు చెవి యొగ్గితిమి. ఏమియు వినరాలేదు.

సోదరీమణులారా! పెట్టెలోని కాగితమును పాఱవేయనీయకుడు. "ఎంత బిగువని ఉన్నది? దేనితో కొలిచావు?" అని అడుగుడు. ఎవరైన నీడలో కూర్చుండుమన్నచో, పని ముగిసిన పిదప కూర్చుండుడు.