ఆటల పీరియడు

బాచుపల్లిలో మా అపార్టుమెంటు సెల్లారులో సాయంత్రంపూట పిల్లలు బంతి తన్నుతూంటారు. కార్ల అద్దాలు పగులుతాయని వాచ్‌మన్ తరుముతాడు. మొన్న వారిలో ఒకడు నా వద్దకు వచ్చి, "తాతగారూ, మనకిక జట్టే లేదు" అని వాపోయాడు. 2022లో ఐఎస్ఎల్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయిందన్నది వాడి దిగులు.

వాణ్ణి కూర్చోబెట్టి మరొక జట్టు కథ చెప్పాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్పు కూడా దానిదే. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన క్యాన్సరుతో కన్నుమూశారు.

రహీమ్ గారు వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన బోధన యావత్తూ మైదానంలోనూ కనబడుతుంది. బంతిని కాలివద్ద అట్టే ఉంచుకోక వెంటనే తోటివానికి అందించవలసిన పోటీలు పెట్టేవారు. అలవాటులేని కాలితోనే ఆడవలసిన పోటీలు మరికొన్ని. అమ్ముగూడ నుండి వచ్చిపోయే స్తోమత లేదన్న తులసీదాస్ బలరామ్‌కు అద్దె సైకిలు కోసం రోజుకో రూపాయి ఇచ్చారట. బలరామ్ తరువాత రెండు ఒలింపిక్సులు ఆడారు.

ఇది చెబుతూండగా నాకు నా తరగతి గది గుర్తుకు వచ్చింది. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడు నేనే అడిగి పుచ్చుకొని సంధులు, సమాసాలు చెప్పేవాణ్ణి. పిల్లలు కిటికీలోనుండి మైదానం వంక చూస్తూంటే సుద్దముక్కతో బల్లమీద కొట్టి, "ఇటు చూడండి" అనేవాణ్ణి. అది నా కర్తవ్యదీక్ష అనుకొన్నాను. బలరామ్ వంటివాడు ఆ వరుసల్లో ఒకడున్నా నేను ఎరుగను. కిటికీ వంక చూసినందుకు వాణ్ణి బెంచీ ఎక్కించి ఉంటాను.

నిన్న మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శికి తెలుగులో ఒక అర్జీ వ్రాసి ఇచ్చాను. సాయంత్రం అయిదు నుండి ఆరు వరకు సెల్లారులో ఒక ప్రక్క కార్లు నిలుపరాదని ప్రార్థన. ఆయన దానిని రెండుసార్లు చదివి, "మాస్టారూ, ఆదివారం మీటింగులో పెడదాం" అన్నారు.

కుర్రవాడు పొద్దుటినుండి మూడుసార్లు వచ్చి ఆదివారం ఎప్పుడని అడిగి వెళ్ళాడు.