పాత పైపులు మార్చవలసిన వేళ

నీటి శుద్ధతను నిర్ణయించడానికి ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు మూడు లక్షణాలను ప్రమాణంగా తీసుకున్నారు: రంగు, రుచి, వాసన. అపవిత్ర పదార్థం కలిసి వీటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు వుజూకు పనికిరాదు. అయితే నీరు తాను నిలిచిన చోటు వల్లనో, ప్రవహించిన దారి వల్లనో రంగు మారితే దాని పవిత్రత పోదు. ఇనుప గొట్టంలోని తుప్పు ఈ రెండవ కోవకు చెందినది. కనుక ఫజ్ర్ వేళ కుళాయి తిప్పగానే ఎర్రనీరు వచ్చిందని వుజూ గురించి కలత చెందనక్కరలేదు. కాని వుజూ చెల్లుతుందంటే పైపు బాగుందని అర్థం కాదు. ఈ రెంటినీ ఒకటిగా భావించి ఏళ్లు గడిపే ఇళ్లు మన పేటల్లో చాలా ఉన్నాయి.

అశోక్‌నగర్‌లో అబ్బాజాన్ 1974లో కట్టించిన ఇల్లు ఇప్పుడు మా ముగ్గురికీ ఉమ్మడి ఆస్తి. భాయిజాన్ చిక్కడపల్లిలో, చెల్లెలు నారాయణగూడలో ఉంటారు. నేను కింది భాగంలో ఉంటాను. పై గదుల్లో పోటీపరీక్షలకు చదివే విద్యార్థులు అద్దెకున్నారు. ఆరుగురి కుటుంబం కోసం వేసిన పైపుల మీద నేడు పద్దెనిమిది మంది ఆధారపడుతున్నారు.

ఆ కాలపు ఇళ్ల గోడల్లో ఉన్నవి సాధారణంగా జి.ఐ. పైపులు. ఇనుముపై జింకు పూత ఉన్నంతకాలం వాటికి ఢోకా లేదు. పూత అరిగిపోయాక తుప్పు లోపలి నుంచే పెరుగుతుంది. బోరు నీటిలోని సున్నం దానిపై పొరలుగా పేరుకుంటుంది. మా ఇంట్లో కోసి తీసిన అరంగుళం పైపు ముక్కలో పెన్సిలు కూడా దూరలేదు. మరలు కోసిన చోట ఇనుము పలుచన గనుక మొదటి కారుడు జాయింట్ల వద్దే కనబడుతుంది.

"కారిన చోట బాగుచేయిస్తే సరిపోతుంది, గోడలన్నీ పగలగొట్టడం ఎందుకు?" అన్నారు భాయిజాన్. ఒక్క జాయింటు కారినప్పుడు ఆ మాట సబబే. కాని ఏడాదిలో మూడు వేర్వేరు చోట్ల కారితే చెడినది జాయింటు కాదు, పైపు వరుస మొత్తం. పైగా ఒక పాత మరను పానాతో తిప్పితే దాని పక్కది వదులవుతుంది. మరమ్మతే కొత్త కారుడుకు కారణమవుతుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి గోడ పగలగొట్టనక్కరలేదు. ట్యాంకులో తేటగా ఉన్న నీరు కుళాయిలో ఎర్రగా వస్తే దోషం ఇంటి పైపులది. వేడినీరు మాత్రమే ఎర్రగా ఉంటే గీజరును చూడాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టి ట్యాంకు మట్టం గుర్తుపెట్టుకొంటే, తెల్లవారేసరికి అది తగ్గిందో లేదో తెలుస్తుంది. సెకనుకొక చుక్క కారినా రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. దైవప్రవక్త (స) ఒక ముద్దు నీటితో, అంటే లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. వుజూ చేస్తూ కుళాయి వదిలేయవద్దని పిల్లలను మందలిస్తాము. గోడలో కారేదాన్ని మాత్రం చెమ్మ అని సరిపెట్టుకొని సున్నం వేయిస్తాము!

అన్నిటికన్నా తీవ్రమైన సూచన వాసన. వీధి గొట్టంలో నీరు వదిలిన తొలి నిమిషాల్లో మురుగు వాసన వస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. మనకు నీరు ఇరవై నాలుగు గంటలూ రాదు. సరఫరా ఆగి గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడు, తుప్పు రంధ్రాల గుండా చుట్టూ ఉన్న మురుగు లోనికి చేరగలదు. ముషీరాబాద్ వైపున్న భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో మురుగు కలిసిన తాగునీటి వల్ల వందలాది మంది జబ్బుపడ్డారు, పలువురు మరణించారు. మనకది పొరుగు పేట. వీధి మీటరు నుంచి సంపు వరకు భూమిలో ఉన్న ముక్కను ఇంటివాళ్లు ఎన్నడూ చూడరు. నా అభిప్రాయంలో మొదట మార్చవలసింది అదే.

మా ముగ్గురి చర్చ ఒక నెల సాగింది. ఖర్చు పెద్దది, భాయిజాన్ ఉద్యోగ విరమణ చేశారు. చివరకు చెల్లెలు అన్నది: "భాయిజాన్, ఆ నీళ్లు తాగేది పరాయి తల్లుల పిల్లలు. నెలనెలా వారి అద్దె పంచుకొంటున్నాము కదా." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు తానే ప్లంబరుకు ఫోను చేశారు.

వారసత్వంలో అద్దె ఎలా పంచుకొంటున్నామో ఖర్చునూ అలాగే ఐదు భాగాలు చేశాము: అన్నదమ్ములకు రెండేసి, చెల్లెలికి ఒకటి. ముగ్గురమూ సమానంగా వేసుకొందామని ఆమె పట్టుబట్టినా భాయిజాన్ ఒప్పుకోలేదు. మురుగు కాలువ పక్కగా వచ్చే భూగర్భపు ముక్కను మొదట మార్పించాము. తరువాత సి.పి.వి.సి. పైపులను గోడల్లో పూడ్చకుండా బయటే బిగించాము. చూడటానికి అందంగా లేవని మా ఇంట్లో ఇంకా అంటున్నారు. ఎక్కడ కారినా అదే రోజు కనబడుతుంది.