చర్మముపై కానవచ్చు క్షయ

క్షయ యనగానే మన కన్నులకు గట్టునది దగ్గి దగ్గి చిక్కి శల్యమైన రోగి రూపము. ఆ రోగము ఊపిరితిత్తులనే గాక మెడ గ్రంథులను, ఎముకలను, తుదకు పైచర్మమును గూడ పట్టునని యెరిగిన యిల్లాండ్రు తక్కువ. దగ్గు లేదు గనుక క్షయ గాదని నమ్మి, ఒంటిమీది పుండును చీరచెరగున దాచుకొని యేండ్లు గడుపు సోదరీమణులను మేము చూచియున్నాము. వారికొరకే యీ నాలుగు మాటలు.

కొంతకాలము క్రిందట మేము గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలోని బంధువుల యిండ్లకు పోయి వచ్చితిమి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, నూలు చీరకు పట్టంచు కూర్చు నేతపనికి పేరెన్నికగన్నది. అచ్చట నొక నేతగాని యింట మగ్గము ప్రక్కన కండెలు చుట్టుచున్న కోడలు, మాతో మాటలాడునంతసేపును కొంగు మెడచుట్టు బిగించియే యుండెను. అత్తగారు లోనికేగిన పిమ్మట దానిని తొలగించి చూపెను. దవడ క్రింద నొప్పి లేని గడ్డలు మూడు. అందొకటి పగిలి, సెలపడి, రసి కారుచుండెను. “పసరు కట్టినం, వాత గూడ పెట్టిచ్చినం, తగ్గలేదమ్మా. నలుగురికి తెలిస్తె మా చెల్లెకు సంబంధాలు రావు” అని కన్నీరు పెట్టుకొనెను.

మన పెద్దలు గండమాల యనినది చాలవరకు నిదియే. గ్రంథిలోని క్షయ మీది చర్మమునకు ప్రాకి పుండగును. లూపస్ వల్గారిస్ అనునది వేరొక విధము. ముఖముననో, కాళ్ళపైనో, పిరుదులపైనో ఎర్రని మచ్చ పుట్టి, ఒక అంచున మానుచు, మరియొక అంచున ప్రాకుచు ఏండ్ల తరబడి నిలుచును. దీనిని జూచి కుష్ఠమని బెదరువారు గలరు. కుష్ఠపు మచ్చలో సామాన్యముగా స్పర్శ తగ్గును, దీనిలో తగ్గదు. పిక్కల వెనుక ఎర్రని గడ్డలు లేచి పుండ్లగుట స్త్రీలలోనే యెక్కువ. లోపల నెక్కడనో దాగిన క్షయకు శరీరము చూపు ప్రతిక్రియ యిది కావచ్చును. అరుదే గాని అన్నిటికంటె అపాయకరమైనది మరియొకటి గలదు. క్షయక్రిములు నెత్తురులో గలిసి ఒడలెల్ల వ్యాపించినపుడు, పసిబిడ్డలకును మిక్కిలి బలహీనులకును చర్మముపై చిన్న చిన్న పొక్కులు తేలును. జ్వరముతో బిడ్డ చిక్కిపోవుచు నిట్టి పొక్కులు కనిపించినచో ఒక దినమైన ఆలసింపరాదు. పుట్టగానే వేయించు బి.సి.జి. టీకా బిడ్డలను ఇట్టి తీవ్రమైన క్షయనుండి చాలవరకు కాపాడును.

రాబర్టు కాక్ పండితుడు క్షయక్రిమిని కనుగొన్న సంగతి 1882 మార్చి 24న లోకమునకు చాటెను. లూపస్ రోగమును వెలుతురు కిరణములతో మాన్పిన డెన్మార్కు వైద్యుడు నీల్సు ఫిన్సెనుకు 1903లో నోబెల్ బహుమానము లభించెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరము శానిటోరియము వెలసిన దినములలో గాలి, విశ్రాంతి, మంచి తిండి యివియే ముఖ్యమైన చికిత్సలు. నేడట్లు గాదు. పుండు అంచునుండి చిన్న ముక్క తీసి పరీక్షించి, రొమ్మునకు ఎక్సురే తీసి, రోగము నిర్ణయింతురు. సామాన్యముగా మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిదప నాలుగు నెలలు మూడు మందులు ఇత్తురు. ప్రభుత్వ వైద్యశాలలలో నివి ఉచితము. రోగి ఆహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1000 రూపాయలును ఇచ్చు ఏర్పాటు గలదు.

ఈ మందులలో నొకటి మూత్రమును ఎర్రగా మార్చును. అది నెత్తురు గాదు, భయపడవలదు. ఆ మందే సంతాన నిరోధపు మాత్రల బలమును తగ్గించును గనుక, అవి వాడు స్త్రీలు వైద్యునితో తప్పక చెప్పవలెను. పుండు కొంత మానినదని నడుమ మానివేసినచో రోగము మందులకు లొంగక మొండిబారును. పాలమూరు సీమనుండి కూలికై దూరదేశములకు వలసపోవువారు ముందుగా ఆసుపత్రిలో తెలిపినచో, పోయిన చోటనే మందులు దొరకును.

ఆ యింటి అత్తగారు మొదట మా మాట వినలేదు. “దాచిన రోగము కోడలిని మంచమెక్కించును, మందు మ్రింగినచో మరల మీ మగ్గము చెంత కూర్చుండును” అని మేము నచ్చజెప్పితిమి. తుదకు ఆమెయే కోడలిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయెను. ఆరు నెలలకు గడ్డలు కరగెను, సెల మూసికొనెను. మచ్చ మాత్రము మిగిలెను. వాతల మచ్చలును మిగిలెను.

సోదరీమణులారా, చర్మక్షయ గలవారి చేయి తగిలినంత మాత్రమున రోగమంటదు. వారి కంచము వేరు చేయనక్కరలేదు. ఊపిరితిత్తులలో గూడ క్షయ యున్నదేమో పరీక్ష చేయించి, ఇంటిల్లిపాదియు వైద్యునికి చూపించుకొనిన చాలును. రెండు వారములు దాటినను తగ్గని మెడ గడ్డ, నెలల తరబడి మానని పుండు మీ యింట నెవరికైన నున్నచో కొంగు తొలగించి చూడుడు. కోడలు సిగ్గుపడి చెప్పకున్నచో మీరే యడుగుడు.